కేకు ఖరీదులో అమ్మ కూలి ఎక్కడ?
– ఒక పూర్వ విద్యార్థి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు అందరూ రాసే విజయగాథ నా దగ్గర లేదు. నాకు వచ్చింది లెక్కలు. డిగ్రీలో కామర్స్ చదివి, ఇప్పుడు ఖాతాలు రాసే పని చేసుకుంటున్నాను. అందుకని ఒక చిన్న లెక్క గురించే రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్లలో అమ్మో, అక్కో, చెల్లెలో ఏదో ఒకటి చేసి అమ్ముతూనే ఉంటారు. కాబట్టి ఇది మీ ఇంటి లెక్క కూడా కావచ్చు.

ధవళేశ్వరంలో మా ఇంట్లో కేకు తయారవడం కొత్తేమీ కాదు. మా చిన్నప్పుడు అమ్మ ఇసుక పోసిన పెద్ద గిన్నెలో చిన్న గిన్నె పెట్టి, మూత మీద నిప్పులు వేసి కాల్చేది. క్రిస్మస్ వచ్చిందంటే మైదా, పంచదార, డాల్డా మూటకట్టుకుని బేకరీకి వెళ్లి బిస్కెట్లు కాల్పించుకుని డబ్బాలతో తెచ్చుకునేవాళ్లం. అక్కడ బేకరీ ఆయన కిలోకి ఇంత అని కూలి తీసుకునేవాడు. సరుకులు మావే, అయినా కూలి వేరు. ఆ కూలి ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. అదే అమ్మ ఇంట్లో కాలిస్తే కూలి మాటే లేదు. ఈ తేడా అప్పుడు నాకు తట్టలేదు. తట్టే వయసూ కాదు.

ఇప్పుడు మా చెల్లెలు ఇంట్లో కేకులు చేసి అమ్ముతోంది. ఒక కరెంటు ఓవెన్ కొనుక్కుంది. మామూలు కోడిగుడ్డు కేకు, పైన టూటీ ఫ్రూటీ. కిలో 200 రూపాయలు. వారానికి 12 దాకా పోయేవి. మొన్నటి సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు "ఎంత మిగులుతోందమ్మా?" అని అడిగాను. "కేకుకి అరవై అన్నయ్యా" అంది సంతోషంగా. ఎలా అని అడిగితే వేళ్ల మీద చెప్పింది. మైదా 17 రూపాయల 50 పైసలు, పంచదార 16, నూనె 37 రూపాయల 50 పైసలు, ఆరు గుడ్లు 42, బేకింగ్ పౌడరు, ఎసెన్సు, పాలు కలిపి 12, టూటీ ఫ్రూటీ 15. మొత్తం 140. అమ్మేది 200. మిగిలేది 60. లెక్క తప్పని ఎవరంటారు?

తప్పు కూడికలో లేదు. కూడికలోకి రానివాటిలో ఉంది. పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడిగాను. ఓవెన్‌కి కరెంటు? కేకుకి 8 రూపాయలు వేసుకున్నాం. అట్టపెట్టె, బటర్ పేపరు, స్టిక్కరు 14. ఇరవై కేకుల్లో ఒకటి నడుమ కుంగిపోతుంది, లేదా అడుగు మాడుతుంది. దాన్ని ఇంట్లో పిల్లలు తినేస్తారు కనుక నష్టంగా కనిపించదు, కానీ దాని సరుకుల ఖర్చు మిగతా కేకులే మోయాలి. దానికి 7. ఓవెన్ 6,000 పెట్టి కొన్నది. 600 కేకులు కాల్చేసరికి మార్చాల్సి వస్తుందనుకుంటే కేకుకి 10. బావగారి బండి మీద ఇచ్చి రావడానికి పెట్రోలు 11. ఇవన్నీ కలిపితే 50. అంటే కేకు మీద అసలు ఖర్చు 190. మిగిలేది పది రూపాయలు.

ఇక టైము. ఇదే అందరికీ కష్టమైన భాగం. "ఎంతసేపు పడుతుంది?" అంటే "గంట" అంటారు. గంట అనేది ఓవెన్ టైము, మనిషి టైము కాదు. సరుకులు తేవడంలో ఈ కేకు వాటా 15 నిమిషాలు, జల్లించి కలపడం 25, ఓవెన్ దగ్గరకు వచ్చి చూడటం 10, గిన్నెలు, గరిటెలు, ట్రేలు కడగడం 20, చల్లారాక తీసి ప్యాక్ చేయడం 15, ఇచ్చి రావడం 15. మొత్తం 100 నిమిషాలు. కేకు కాలుతున్నంతసేపూ తను బట్టలు ఉతికింది, బియ్యం ఏరింది. ఆ టైము కేకు మీద వేయలేదు. అలా చూసినా గంటా నలభై నిమిషాలకు పది రూపాయలు. గంటకు ఆరు రూపాయలు.

చెల్లెలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంట్లో పనేగా అన్నయ్యా, దానికి కూలేంటి?" అంది.

ఈ ఒక్క మాట గురించే ఈ వ్యాసం రాయాలనిపించింది. మన హాస్టల్ సంగతి గుర్తు చేసుకోండి. సరుకులకు డైట్ ఛార్జీలు ఒక పద్దు. వంటమనిషికి, కామాటికి, వాచ్‌మన్‌కి జీతాలు ఇంకో పద్దు. పప్పు ఖర్చు రాసి, పప్పు వండిన మనిషిని మరిచిపోయే లెక్క ప్రభుత్వ కాగితాల్లో కూడా లేదు. (జీతాలు ఆలస్యంగా వచ్చిన నెలల సంగతి వేరే వ్యాసం.) మనం వంతులవారీగా గదులు ఊడ్చుకున్నాం, పళ్లాలు కడుక్కున్నాం, వడ్డించుకున్నాం. నలభై మంది తిన్న తర్వాత గంగాళం తోమడం ఎంతసేపు పడుతుందో వంతు వచ్చిన వాడికి బాగా తెలుసు. ఇంటికెళ్లాక మాత్రం తిన్న కంచం అక్కడే వదిలి లేచిపోయాం. నేనూ అంతే. నా చేతులకు పని రాక కాదు, అక్కడ నాకు వంతు లేక.

దేశం మొత్తం మీద కూడా ఇదే కథ. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు ఆ పని మీద గడుపుతున్నారు. 2019లో ఇవి 299, 97. అంటే ఐదేళ్లలో ఇద్దరికీ దాదాపు పదేసి నిమిషాలు తగ్గాయి, మధ్యలో తేడా మాత్రం అలాగే ఉండిపోయింది.

మరి ఇంటిపనికి వెల కట్టడం కుదురుతుందా? కోర్టులు కట్టాయి, కట్టక తప్పలేదు కూడా. 1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో ఒక ఉత్సవంలో మంటలు చెలరేగి చాలామంది చనిపోయారు. వారిలో గృహిణులు ఉన్నారు. ఆదాయం లేని మనిషి చనిపోతే కుటుంబానికి పరిహారం ఎంత అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మొదట గృహిణి సేవలకు ఏడాదికి 12 వేల రూపాయలు లెక్కగట్టారు. 2001లో లతా వాధ్వా కేసు తీర్పులో సుప్రీంకోర్టు అది చాలా తక్కువని, 34 నుంచి 59 ఏళ్ల మధ్య గృహిణులకు నెలకు 3,000, అంటే ఏడాదికి 36 వేలు వేయాలని చెప్పింది. 2021 జనవరిలో కీర్తి కేసులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో 2019 సర్వేలోని ఆ నిమిషాల లెక్కలనే ఎత్తిచూపుతూ, గృహిణి పనికి ఆదాయం లెక్కగట్టడం ఆ శ్రమను గుర్తించడమేనన్నారు. నాకు నచ్చనిది ఒక్కటే. మనిషి పోయాక కట్టే వెల, ఉన్నప్పుడు ఎవరూ కట్టరు.

సరే, చెల్లెలి కేకుకి వద్దాం. కూలి గంటకు ఎంత వేయాలి? మరీ ఎక్కువ వేస్తే కొనేవాళ్లు ఉండరని తన భయం. అందుకని అందరికీ తెలిసిన కొలత తీసుకున్నాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఎనిమిది గంటలకు భాగిస్తే గంటకు 38 రూపాయల చిల్లర. మట్టి తవ్వే పనికి ఇచ్చే కూలి కన్నా కేకు చేసే పనికి తక్కువ ఎందుకుండాలి? (ఆ లెక్కన రోజుకు 289 నిమిషాల ఇంటిపని 183 రూపాయలు. ఒకసారి మీ అమ్మగారికి చెప్పి చూడండి, నవ్వుతారు.) 100 నిమిషాలకు 63. 190కి 63 కలిపితే 253. ఇది అసలు. దీనిమీద లాభం వేరు. కూలి వేరు, లాభం వేరు అన్నది బాగా గుర్తుంచుకోవాలి. లాభం అంటే అరువు తీసుకుని ఎగ్గొట్టేవాళ్లకీ, గుడ్ల ధర పెరిగే రోజుకీ, రేపు పెద్ద ఓవెన్ కొనడానికీ. దానికి 27 వేసుకుంటే 280.

ఊళ్లో ఒక షాపు వాళ్లు కేకులు తమ దగ్గర పెట్టి అమ్ముతామన్నారు. అమ్మిన ధరలో నూటికి 20 వాళ్లకి. చెల్లెలు వెంటనే 280కి 20 శాతం కలిపి 336 అంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. 336లో షాపు వాటా 67 రూపాయల 20 పైసలు. చేతికి వచ్చేది 268 రూపాయల 80 పైసలు. కేకుకి 11 రూపాయలు పైగా తరుగు. 280 మన చేతికి రావాలంటే 280ని 80తో భాగించి నూరుతో హెచ్చించాలి. 350 అవుతుంది. మన ధర మీద 20 శాతం వేరు, అమ్మిన ధరలో 20 శాతం వేరు. పదో తరగతిలో శాతాల లెక్కలు ఎందుకని విసుక్కునే తమ్ముళ్లు ఉంటే ఈ పేరా వాళ్లకే.

ఇంటి వంట వ్యాపారంగా మారిన చోటు చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మన బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా వెళ్తే ఆత్రేయపురం. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అదీ కాటన్ దొర పేరు పెట్టుకున్న తయారీదారుల సంఘం ద్వారా. అక్కడ రేకు తీసే ఆడవాళ్లు బోర్లించిన కుండ ముందు, ఎండు కొబ్బరి మట్టల మంట వేడికి గంటల తరబడి కూర్చుంటారు. పలచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే రేకు వస్తుంది. చేయి కాస్త తేడా అయితే చిరిగిపోతుంది. రేకు తీయడం ఒక పని, నెయ్యి, పంచదార పొడి లేదా బెల్లం వేసి చుట్టడం ఇంకో పని. పనులు విడిపోయిన చోట రేకుకి విడిగా వెల పుడుతుంది. ఒకే మనిషి ఒకే వంటింట్లో అన్నీ చేస్తే పనులు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి కూలి మాయమవుతుంది. అందుకే ఇంట్లో చేసేవాళ్లు ఒక నోట్‌బుక్కు పెట్టి పనుల్ని కాగితం మీదైనా విడదీసి రాసుకోవాలి. ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రత చట్టం కింద పేరు నమోదు చేయించుకోవాలి. ఆ ఖర్చు కూడా నోట్‌బుక్కులో రాయాలి.

ఇంకో మాట రాయకపోతే ఈ లెక్క సగమే. ధర తక్కువ పెట్టడానికి కారణం లెక్క తెలియకపోవడం ఒక్కటే కాదు. మొదట్లో అమ్మ చెల్లెలితో అన్న మాట ఇది: "మన పేటలో చేసిన కేకు ఊళ్లోవాళ్లు కొంటారంటే అదే పదివేలు, ధర పెంచి పోగొట్టుకోకు." ఆ 200లో ఈ భయం ఖరీదు కూడా ఉంది. బేకరీలో కేకు కొనేటప్పుడు కాల్చింది ఎవరని ఎవరూ అడగరు. ఇంటి దగ్గర కొనేటప్పుడు అడుగుతారు. అడిగి కూడా కొన్నవాళ్లు రుచి చూసి మళ్లీ వచ్చారు. రుచికి తక్కువ లేనప్పుడు ధరకు మాత్రం ఎందుకు తక్కువ కావాలి? అమ్మకు ఈ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ధర 280 చేశాక ఏమైందో కూడా ఉన్నదున్నట్టు చెబుతాను. వారానికి 12 పోయేవి 8కి తగ్గాయి. ఎప్పటినుంచో తీసుకునే ఒకావిడ "రెండొందలేగా ఇన్నాళ్లూ!" అని మళ్లీ రాలేదు. చెల్లెలు కంగారు పడి ఫోన్ చేసింది. నోట్‌బుక్కు తీయమన్నాను. ముందు 12 కేకులకు 20 గంటలు పనిచేస్తే చేతిలో మిగిలింది 120 రూపాయలు. ఇప్పుడు 8 కేకులకు 13 గంటల 20 నిమిషాలు, మిగిలింది 720. షాపులో పెట్టే సంగతి మాత్రం ఇంకా తేల్చుకోలేదు, 350 అంటే ఆ షాపు వాళ్లే వెనకాడుతున్నారు.

గిన్నెలు కడిగే 20 నిమిషాలు ఇప్పుడు మా మేనల్లుడి వంతు. వాడు ఏడో తరగతి. నోట్‌బుక్కులో కూలి 63 అని చూసి, అందులో తన వాటా 12 రూపాయల 60 పైసలని లెక్కగట్టి, అది ఎప్పుడిస్తావని వాళ్లమ్మను అడుగుతున్నాడట.