ప్రాచీన పద్యానికీ ఇంగ్లీషు మాటకూ ఒకటే తాళంచెవి

దళితవాడల నుంచి బడికొచ్చే పిల్లలకు రెండు భాషలు ఒకేసారి పరాయివవుతున్నాయి. ఒకటి ఇంగ్లీషు. ఇది అందరూ ఒప్పుకునేదే. రెండోది పాఠ్యపుస్తకంలోని తెలుగు. దీని సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. ఇంట్లో 'ఎట్ల', 'ఏడికి' అని మాట్లాడే పిల్ల ప్రాచీన పద్యం ముందు నోరు మెదపలేక నిలబడుతుంది. సమాసాలు బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కుతుంది. తర్వాతి పీరియడ్‌లో ఇంగ్లీషు మాటలనూ అట్లాగే బట్టీ పడుతుంది. ఈ రెండు బట్టీలకు బదులు ఒకే చదువు సాధ్యమనీ, అది మాటల మూలాలు పట్టుకుని చదివే చదువనీ మా వాదన.

మేమున్న కాశిబుగ్గ పేరే చూడండి. 'కాశి' సంస్కృతం నుంచి వచ్చింది. 'బుగ్గ' అంటే నీటి ఊట, అచ్చమైన మన మాట. రెండు వేరు వేరు భాషా కుటుంబాలు ఒక బస్తీ పేరులో కలిసి కాపురం చేస్తున్నాయి. పక్కనే ఎనుమాముల మార్కెట్ యార్డు. అక్కడ బస్తాలు మోసేవాళ్లను హమాలీలంటాం. ఆ మాటకు మూలం మోయడమనే అర్థమున్న అరబ్బీ ధాతువు. అక్కడి ధాన్యాన్ని తినిపోయే పందికొక్కు ఇంగ్లీషు నిఘంటువులో 'బాండికూట్' అయి కూర్చుంది. ఇంగ్లీషు వాళ్లు తెలుగు నుంచే ఆ మాట తీసుకున్నారు. అంటే హమాలీ బిడ్డ బడి మెట్లు ఎక్కకముందే మూడు నాలుగు భాషల మాటలు మోసుకుంటూ వస్తున్నాడు. ఆ సంగతి వాడికి చెప్పేవాళ్లే లేరు.

మూలాల చర్చలో రెండు సంవత్సరాలు గుర్తుపెట్టుకోవాలి. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ఒక ప్రసంగం చేశాడు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలనీ, ఆ మూలభాష బహుశా ఇప్పుడు లేదనీ అన్నాడు. అంటే సంస్కృతం ఆ భాషలకు తల్లి కాదు, అక్కచెల్లెళ్లలో ఒకతె. 1816లో మద్రాసులో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ తెలుగు సంస్కృతానికి పుట్టిన బిడ్డ కాదనీ, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమనీ చూపించాడు. దేవభాష ఒక్కటే, మిగతావన్నీ దాని సంతానం అని చెప్పుకొచ్చిన నమ్మకానికి ఈ రెండూ గట్టి దెబ్బలు. మన పాఠశాలల్లో మాత్రం తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని వర్గీకరణ బట్టీ పట్టిస్తారు గానీ, దాని వెనక ఉన్న ఈ కథ చెప్పరు.

ఇక తాళంచెవి ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. 13వ శతాబ్దం నాటి పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో రాశాడు. ఆయన ఊరు పాలకుర్తి మొన్నటిదాకా వరంగల్ జిల్లాలోదే, 2016 నుంచి జనగామ జిల్లాలో ఉంది. ద్విపదలో 'ద్వి' అంటే రెండు, లాటిన్‌లో 'డ్యువో', ఇంగ్లీషులో 'టూ'. 'పద' అంటే పాదం, లాటిన్‌లో 'పెడ్'. కాబట్టి ద్విపద అన్నా 'బైపెడ్' అన్నా మూలాల లెక్కన ఒకటే. ఒకటి రెండు పాదాల పద్యం, ఇంకోటి రెండు కాళ్ల జీవి. శతకంలోని శతమూ 'సెంచరీ'లోని 'సెంటమ్'మూ ఒకే ఇంటివి. నామం, 'నేమ్', విధవ, 'విడో', మృత్యువు, 'మోర్టల్' కూడా అంతే. ఒక్క మూలం చెబితే పద్యంలో నాలుగు మాటలు, ఇంగ్లీషులో నాలుగు మాటలు ఒకేసారి విచ్చుకుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యమైంది 'విద్' ధాతువు. తెలుసుకోవడం అని అర్థం. వేదం, విద్య దాన్నుంచే వచ్చాయి. లాటిన్ 'వీడియో', అంటే చూస్తున్నాను, దాని తోబుట్టువు. ఇంగ్లీషు 'విట్', 'విజ్‌డమ్' కూడా. వేదం విన్న శూద్రుడి చెవిలో సీసం పోయాలని గౌతమ ధర్మసూత్రం చెప్పింది. ఏ మాటను చెవిన పడకుండా కాపలా కాశారో దాని చెల్లెలు ఇవాళ వాడవాడలా ఫోన్లలో ఆడుతోంది. మూలానికి మడి లేదు, మడి కట్టింది మనుషులే.

'క్లాసిక్' అనే మాటనే విప్పి చూడండి. రోమ్‌లో ఆస్తిని బట్టి జనాన్ని తరగతులుగా విడగొట్టేవాళ్లు. అందులో పై తరగతివాడు క్లాసికస్. పిల్లలు తప్ప వేరే ఆస్తి లేనివాడు ప్రొలెటేరియస్. 2వ శతాబ్దపు రచయిత ఔలస్ జెల్లియస్ ఈ తేడాను రచయితలకు అంటగట్టాడు. ప్రామాణిక రచయిత క్లాసికస్, ప్రొలెటేరియస్ కాదు అన్నాడు. మన వ్యాకర్తలు పల్లె మాటను 'గ్రామ్యం' అని కావ్యం బయట నిలబెట్టారు. ఇంగ్లీషులో పొలం పనివాడు 'విలన్' అయ్యాడు. ఊళ్లు వేరైనా ఊడిగం చేసేవాడి మీద మాట పడిన తీరు ఒకటే.

మనల్ని పిలిచిన మాటలనూ ఇట్లాగే విప్పాలి. 'కాస్ట్' పోర్చుగీసు 'కాస్తా' నుంచి వచ్చింది. దానికి శుద్ధమైనది అనే అర్థమున్న లాటిన్ మాట మూలమని చాలా నిఘంటువులు చెబుతాయి. తమిళ పఱైయర్ పేరు 'పఱై' అనే డప్పుతో ముడిపడింది. ఇంగ్లీషులో అదే 'పరయా' అయి వెలివేయబడ్డవాడికి పేరయింది. 'డిప్రెస్డ్' అంటే కిందికి నొక్కబడిన అని. 'ప్రెస్' అందులోనే ఉంది. 'షెడ్యూల్' మూలంలో చిన్న కాగితం ముక్క. 'దళిత'కు మూలం చీలడం, పగలడం అనే అర్థాలున్న ధాతువు. పూలదళమూ, విరిచిన పప్పైన 'దాల్' కూడా అక్కణ్నుంచే. మొదటివి ఇతరులు పెట్టిన పేర్లు. చివరిది మనం ఎంచుకున్నది. ఈ తేడా పిల్లలకు తెలియాలి.

ఒక హెచ్చరిక. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కాదు. తెలుగు 'కొట్టు'కూ ఇంగ్లీషు 'కట్'కూ సంబంధం లేదు. అన్ని భాషలూ సంస్కృతం నుంచే పుట్టాయనేవాళ్ల పద్ధతి ఇదే. దాన్ని మనం తిరగేసి వాడితే మనకూ వాళ్లకూ తేడా ఉండదు. నిఘంటువు చూడకుండా చుట్టరికం కలపొద్దు. దేశ్యపదాలకు బర్రో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఉంది. ఉర్దూ, పారశీ మాటలకు బ్రౌన్ 1854లో వేసిన మిశ్రభాషా నిఘంటువు ఉంది. సేద్యం మాటలకు భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం ఉంది.

తరగతిలో పద్ధతి సులువు. బసవపురాణంలో మాదర చెన్నయ్య కథ తీసుకోండి. మాదిగ భక్తుడి ఇంట శివుడు అంబలి తాగుతాడు, చోళరాజు నైవేద్యం ముట్టడు. కథను ముందు వాడ భాషలో చెప్పించాలి. తర్వాత పద్యంలోని మాటలను ఇంటి మాటలు, సంస్కృతం మాటలు అని రెండు వరసల్లో రాయించాలి. సంస్కృత పదానికి ఇంగ్లీషు తోబుట్టువు ఉంటే పక్కన చేర్చాలి. ఇంటి మాటలకు అర్థం పెద్దవాళ్లను అడిగి రమ్మనాలి. వారానికి ఒక్క మూలం చాలు.

ఇంగ్లీషు వస్తే చాలు, పాత కావ్యాలు అగ్రవర్ణాల సొత్తు, మనకెందుకు అని మనవాళ్లలోనే కొందరంటారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ చదవకుండా వదిలేస్తే అవి వాళ్ల సొత్తేనని మనమే సంతకం పెట్టినట్టు. బడిలో అంబేద్కర్‌ను సంస్కృతం చదవనివ్వలేదు, పారశీ తీసుకోవాల్సొచ్చింది. తర్వాత ఆయన ఆ గ్రంథాల్లోకే వెళ్లి 1946లో శూద్రుల మీద, 1948లో అంటరానివారి మీద పుస్తకాలు రాశాడు. జాషువా కాళిదాసు మేఘసందేశం పద్ధతిని తీసుకుని, 1941లో గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి కబురు పంపించాడు. గుడిలోకి మనిషికి లేని దారి గబ్బిలానికి ఉందని ఆ ప్రక్రియతోనే చూపించాడు. ప్రక్రియ తెలియకపోతే ఆ దెబ్బ పడేది కాదు.

2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు అచ్చువేశారు. ఆ రెండు పేజీల మధ్య దారి వేసే పని మాత్రం పుస్తకం చెయ్యదు. టీచర్లు చెయ్యాలి, ట్యూషన్లు చెప్పే మన చదువుకున్న పిల్లలు చెయ్యాలి. చెయ్యకపోతే మన పిల్లలు ఎడమ పేజీలోనూ, కుడి పేజీలోనూ పరాయివాళ్లుగానే మిగులుతారు.