పల్నాటి రాళ్లలోకి సముద్రం ఎలా వచ్చింది?

పిల్లలూ! అమరావతి స్తూపానికి తామరపూలు చెక్కిన లేతరంగు రాయి ఒకప్పటి సముద్రపు బురదే అంటే నమ్ముతారా?

అది పల్నాటి సున్నపురాయి. కోట్ల ఏళ్ల కిందట, చేపలైనా పుట్టకముందు, ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. బోరునీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది చూశారా? అలాగే ఆ సముద్రపు నీటిలో కరిగిన సున్నం సన్నటి బురదగా అడుక్కి చేరింది. పొరమీద పొర పడింది. పై బరువుకు నీరంతా పోయి, బురద గట్టిపడి రాయైంది. నాపరాళ్లు పలకలుగా విడిపోయేది ఆ పొరల వల్లే.

రేణువులు సన్నగా ఉన్నాయి కాబట్టే సుమారు రెండువేల ఏళ్ల కిందట శిల్పులు అంత నాజూగ్గా చెక్కగలిగారు. పిడుగురాళ్ల బట్టీల్లో కాలి సున్నమయ్యేదీ ఇలాంటి రాయే.

సున్నపురాయి ముక్క దొరికితే పొడిచేసి నిమ్మరసం పిండండి, బుడగలొస్తాయి. మ్యూజియంలోని శిల్పాల మీద మాత్రం వద్దు!