అనంతగిరికి గ్యాంగ్‌గా వెళ్తున్నారా? చేవెళ్ల రోడ్డులో ఈ తప్పు చేయొద్దు

వీకెండ్ వస్తే చాలు.. హైదరాబాద్ నుంచి బైకులు, కార్లు వికారాబాద్ బాట పడతాయి. అనంతగిరి ఘాట్, కోట్‌పల్లిలో బోటింగ్.. టార్గెట్ ఇవే. కానీ కొండ మలుపుల కంటే భయపెట్టేది బీజాపూర్ హైవే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. చాలాచోట్ల రెండు వరుసలే, అంచునే పాత మర్రిచెట్లు. తాండూరు వైపు నుంచి నాపరాయి, సిమెంట్ లారీలు ఎదురొస్తుంటాయి. మర్రిచెట్ల కేసు ఎన్జీటీకి వెళ్లడంతో విస్తరణ ఏళ్ల తరబడి ఆగింది. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర తాండూరు ఆర్టీసీ బస్సు, కంకర టిప్పర్ ఢీకొని దాదాపు 20 మంది చనిపోయారు.

బ్యాచ్‌లో ముందు బండి ఓవర్‌టేక్ చేస్తే వెనకాల వాళ్లూ గుడ్డిగా ఫాలో అయిపోతారు. మొదటి బండికి దొరికిన గ్యాప్ మూడో బండికి ఉండదు! విడిపోయినా ఫర్వాలేదు.. మన్నెగూడలో ఆగి కలుసుకోవచ్చు.