పగలు ఊపిరి బిగబట్టే మొక్క

హైదరాబాద్‌లో సుచిత్ర చౌరస్తా దాటి కొంపల్లి, మేడ్చల్ వైపు వెళ్లే జాతీయ రహదారి చుట్టుపక్కల నర్సరీలకు కొదవ లేదు. ‘ఫ్లాట్‌లోకి ఎండ పెద్దగా రాదు, రోజూ నీళ్లు పోయడం కుదరదు, ఏదైనా మొక్క ఇవ్వండి’ అంటే ముందుగా చూపించే వాటిలో స్నేక్ ప్లాంట్ ఒకటి. పడమటి ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ మొక్క నీళ్లు లేకుండా వారాల తరబడి నిలబడగలదు. అయినా ఎన్నో ఇళ్లలో చచ్చిపోతుంది. ఎండిపోయి కాదు, కుళ్లిపోయి. ఆప్యాయంగా పోసిన నీళ్లే దాని ప్రాణం తీస్తాయి. అలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే అది ఊపిరి తీసుకునే పద్ధతి తెలియాలి.

పులుపు చెప్పిన రహస్యం

ఆ పద్ధతిని తొలిరోజుల్లోనే పసిగట్టిన ఒక శాస్త్రవేత్తకు తెలుగునేలతో సంబంధం ఉంది. పేరు బెంజమిన్ హైన్. సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ తోటలో విలియం రాక్స్‌బర్గ్ తర్వాత 1793లో బాధ్యతలు తీసుకున్నాడు. ఆయన రణపాల ఆకుల్ని నమిలి చూశాడు. పొద్దున కోసిన ఆకు చుక్కకూరలా పుల్లగా ఉంది. మధ్యాహ్నానికి చప్పబడింది. సాయంత్రానికి కాస్త చేదెక్కింది. ఈ సంగతి ఆయన ఉత్తరంగా రాస్తే లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ తన పత్రికలో 1815లో అచ్చువేసింది.

ఆ పులుపు మాలిక్ ఆమ్లానిది. మామూలు మొక్కలు పగటిపూట ఆకుల్లోని పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. తెరిచినంతసేపూ లోపలి తేమ ఆవిరై పోతూనే ఉంటుంది. రణపాల, కలబంద, స్నేక్ ప్లాంట్, మన బండరాళ్ల మధ్య పెరిగే నాగజెముడు ఆ నష్టాన్ని తప్పించుకునే దారి పట్టాయి. గాలి చల్లబడిన రాత్రివేళ పత్రరంధ్రాలు తెరిచి, లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో దాచుకుంటాయి. తెల్లవారాక రంధ్రాలు మూసేసి, ఆ ఆమ్లంలోంచే కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తీసి, వెలుతురు సాయంతో చక్కెర తయారు చేసుకుంటాయి. అందుకే పొద్దెక్కేకొద్దీ పులుపు తగ్గుతుంది. రణపాల కుటుంబం క్రాసులేసి పేరు మీద శాస్త్రవేత్తలు దీన్ని క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ, పొట్టిగా ‘క్యామ్’ అంటారు.

పొదుపు ఎంతటిదంటే, ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ సంపాదించడానికి మామూలు మొక్క సుమారు 400 నుంచి 500 గ్రాముల నీరు ఖర్చు చేస్తే, క్యామ్ మొక్కకు 50 నుంచి 100 గ్రాములు సరిపోతాయి.

హైన్ పరీక్షను పిల్లలతో ఇంట్లోనే చేయించవచ్చు, నాలుకతో మాత్రం వద్దు. రణపాలలో గుండె మీద ప్రభావం చూపే రసాయనాలున్నాయి. సూర్యోదయానికి ముందు ఒక ఆకు, సాయంత్రం నాలుగింటికి మరో ఆకు కోసి, వెంటనే నలిపి, రసాన్ని పీహెచ్ కాగితానికి అద్దితే రంగులో తేడా కనిపిస్తుంది.

ఇక్కడే ఒక అపోహ గురించి చెప్పాలి. స్నేక్ ప్లాంట్ రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందని చాలామంది పడకగదిలో పెట్టుకుంటారు. ఆక్సిజన్ వచ్చేది నీటి అణువు విడిపోవడం వల్ల, దానికి వెలుతురు తప్పనిసరి. రాత్రి ఈ మొక్క చేసేది కొద్దిపాటి కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకోవడమే. గాలిని శుభ్రం చేస్తుందన్న ప్రచారానికి మూలం 1989 నాటి నాసా అధ్యయనం. ఆ ప్రయోగాలు మూసిన చిన్న గదుల్లో జరిగాయి. 2019లో వచ్చిన ఒక సమీక్ష, కిటికీలోంచి వచ్చే గాలి చేసే పని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు పెట్టాలని లెక్కగట్టింది. మొక్కను పెంచండి, కిటికీ కూడా తెరవండి.

వేళ్లకూ గాలి కావాలి

ఇంత పొదుపుగా బతికే మొక్కకు రోజూ చెంబెడు నీళ్లు పోస్తే అవి ఎక్కడికి పోతాయి? కుండీలోనే నిలిచిపోతాయి. మట్టి రేణువుల సందుల్లో గాలికి బదులు నీళ్లు నిండుతాయి. ఆక్సిజన్ అందక వేళ్లు చనిపోతాయి, బూజు తెగుళ్లు చేరతాయి. ఆకు మొదట్లో పట్టుకుంటే మెత్తగా, గోధుమరంగు తిరిగి, చిన్నగా లాగినా ఊడివస్తుంది, కుళ్లు వాసన వేస్తుంది. అసలు ప్రమాదం అంతకుముందే ఉంది. వేళ్లు పాడైతే నీరు పైకి ఎక్కదు కాబట్టి ఆకులు ముడతపడతాయి. అది దాహమనుకుని ఇంకొన్ని నీళ్లు పోస్తాం.

అందుకే నీళ్లు పోసేముందు ఆకును కాదు, మట్టిని చూడాలి. సన్నని వెదురు పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి, కాసేపు ఉంచి తీయండి. తడి మట్టి అంటుకుంటే ఆగాలి. పొడిగా వస్తే అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోసి, పళ్లెంలో చేరిన నీటిని పారబోయాలి. వేసవిలో కిటికీ పక్కనున్న కుండీ రెండు వారాల్లోనే ఆరిపోవచ్చు. వానాకాలంలో, చలికాలంలో నెల పట్టినా ఆశ్చర్యం లేదు. హాలు మూలన, వెలుతురు తక్కువగా ఉన్నచోట మొక్క పనే మందగిస్తుంది కాబట్టి నీటి అవసరం ఇంకా తగ్గుతుంది. నీడలో బతుకుతుంది నిజమే, బాగా పెరగాలంటే మాత్రం తూర్పు కిటికీ మేలు. ఇన్నాళ్లూ లోపలున్న మొక్కను మే నెలలో ఒక్కసారిగా పడమటి బాల్కనీ ఎండలో పెడితే ఆకులు మాడతాయి.

కుండీకి అడుగున రంధ్రం ఉండి తీరాలి. ఉత్త ఎర్రమట్టి నీళ్లు పోసేకొద్దీ గట్టిపడుతుంది, ఉత్త కోకోపీట్ తడిని పట్టుకుని కూర్చుంటుంది. సగం మట్టిలో మిగతా సగం ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు, కొద్దిగా మాగిన ఎరువు కలిపితే నీరు జారిపోతుంది, గాలి ఆడుతుంది. మట్టికుండీ అయితే గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది. బోరునీళ్లు వాడేవాళ్లకు మట్టిమీద తెల్లని ఉప్పుపొర కనిపిస్తే దాన్ని గీకేసి, పట్టి ఉంచిన వాననీటితో ఒకసారి బాగా కడిగినట్టు పోస్తే సరి.

కుళ్లు మొదలైన మొక్కను కూడా దక్కించుకోవచ్చు. గట్టిగా ఉన్న ఆకును కోసి, మూడు నాలుగు రోజులు నీడలో గాయం ఆరనిచ్చి, కింది భాగమే కిందకు వచ్చేలా ఇసుకమట్టిలో నాటండి. వేళ్లు రావడానికి వారాలు, పిలక రావడానికి నెలలు పడుతుంది. పసుపు అంచున్న రకమైతే ఆకు నుంచి పుట్టే పిలకకు ఆ అంచు రాదు. అంచు నిలవాలంటే వేళ్లతో ఉన్న పిలకనే విడదీసి నాటాలి.