కాడ కూడా వృథా కాని వంటకం

పిల్లలు బయటినుంచి కొత్త కొత్త వంటకాల పేర్లు నేర్చుకొని వస్తున్న కాలమిది. లోపల మసాలా కూరి ఓవెన్‌లో కాల్చిన పుట్టగొడుగులు అటువంటి వాటిలో ఒకటి. హోటల్ పళ్ళెంలో అది ఎంత అందంగా కనిపించినా, "ఇందులో ఏమి కలిపారు?" అన్న సందేహం విశ్వాసి మనసును వదలదు. ఆ సందేహానికి నిశ్చింతైన జవాబు మన వంటగదిలోనే ఉంది.

దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖరా సూరా 168వ ఆయతులో అల్లాహ్ మానవులందరినీ సంబోధించి, భూమిపై ఉన్న వాటిలో హలాల్, తయ్యిబ్ అయిన వాటిని భుజించమని ఆదేశించాడు. హలాల్ అంటే ధర్మసమ్మతమైనది. తయ్యిబ్ అంటే పరిశుద్ధమైనది, మేలైనది. పుట్టగొడుగు విషయంలో ఈ రెండు షరతులనూ గుర్తుంచుకోవడం ఎంతో అవసరం.

హదీసులో చెప్పిన పుట్టగొడుగు

హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) ఉల్లేఖనం ఒకటి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. 'కమ్ఆ' అనేది 'మన్న్' కోవకు చెందినదనీ, దాని నీటిలో కంటికి స్వస్థత ఉందనీ దైవప్రవక్త (స) తెలిపారు. విత్తకుండా, నీరు పెట్టకుండా లభించే దైవానుగ్రహం గనుక దానిని మన్న్‌తో పోల్చారని పండితులు వివరించారు.

అయితే కమ్ఆ మన బజారులో దొరికే తెల్లని బటన్ పుట్టగొడుగు కాదు. వానలు పడిన తర్వాత అరేబియా ఎడారి ఇసుకలో, నేల లోపల గడ్డలా పెరిగేది అది. గల్ఫ్‌లో దానిని 'ఫగ' అంటారు. ఉపాధికై కువైట్ వెళ్ళిన మన సోదరులలో కొందరు దానిని అక్కడి బజార్లలో చూసే ఉంటారు. కనుక ఈ హదీసును ఆధారం చేసుకొని బటన్ పుట్టగొడుగు రసాన్ని కంట్లో వేసుకోవడం తగదు. కంటి బాధకు వైద్యుణ్ణి సంప్రదించాలి.

తొలకరి తర్వాత పుట్టల మీద, చేల గట్ల మీద మొలిచే వాటి విషయంలోనూ జాగ్రత్త తప్పనిసరి. విషపు పుట్టగొడుగు చూడటానికి మంచిదానిలాగే ఉండవచ్చు. వెండి నాణెమో వెల్లుల్లో వేసి, నల్లబడకపోతే మంచిదేననడం నమ్మదగిన పరీక్ష కాదు. కొన్ని విషాలు ఎంత ఉడికించినా నశించవు. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాతగాని వాంతులు, విరేచనాలు మొదలుకాకపోవచ్చు. కచ్చితంగా గుర్తుపట్టలేని దానిని ఇంటికి తేకపోవడమే క్షేమం. సాగుచేసిన వాటినే కొనండి.

పదార్థాలలో దాగిన సందేహం

విదేశీ పద్ధతిలో ఈ కూరటంలో వైన్ పోస్తారు. వేడికి అది ఆవిరైపోతుందని కొందరంటారు. నిజానికి వంటలో మద్యం పూర్తిగా పోదు. పోయినా హరామ్‌ను వంటలో పోయడం మనకు తగదు. ఆ పులుపు కోసం నిమ్మరసం చాలు. కొన్ని రకాల చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. మన దేశంలో ప్యాకెట్ మీది ఆకుపచ్చ గుర్తు శాకాహారమని తెలుపుతుందే తప్ప, మద్యం సంగతి చెప్పదు. అందువల్ల పదార్థాల జాబితా చదివే అలవాటు చేసుకోవాలి.

తయారుచేసే విధానం

కావలసినవి: 200 గ్రాముల పుట్టగొడుగుల ప్యాకెట్లు రెండు, ఖీమా 100 గ్రాములు, ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు నాలుగు, పచ్చిమిర్చి రెండు, నిన్నటి బ్రెడ్ ముక్కలు రెండు, గుప్పెడు కొత్తిమీర, మిరియాల పొడి అర చెంచా, నూనె లేదా నెయ్యి రెండు పెద్ద చెంచాలు, అర చెక్క నిమ్మరసం, తగినంత ఉప్పు.

పుట్టగొడుగులో తొంభై శాతానికి పైగా నీరే. ఈ వంటకం చెడితే సాధారణంగా ఆ నీటివల్లనే చెడుతుంది. కాబట్టి నానబెట్టకుండా, కుళాయి కింద త్వరగా కడిగి పొడిగుడ్డతో తుడవండి. పెద్దవి పదహారు ఎంచి, కాడలను మెల్లగా తిప్పి ఊడదీయండి. కాడలను పారేయవద్దు. మిగిలిన చిన్న పుట్టగొడుగులతో కలిపి సన్నగా తరగండి.

బాణలిలో సగం నూనె వేసి ఉల్లి, వెల్లుల్లి, మిర్చి వేయించి, ఖీమా వేసి పూర్తిగా ఉడికించండి. తర్వాత కాడల తరుగు వేసి నీరంతా ఇగిరేదాకా వేయించండి. ఉప్పు, మిరియాలు, కొత్తిమీర, నిమ్మరసం కలిపి దించండి. బ్రెడ్‌ను పొడిచేసి మిగిలిన నూనెలో దోరగా వేయించి, సగం ఇందులో కలపండి.

ఓవెన్‌ను 190 డిగ్రీలకు పది నిమిషాలు వేడిచేయండి. గొడుగుల గుంటలు కిందికి ఉండేలా ట్రేలో బోర్లించి ఎనిమిది నిమిషాలు ఉంచితే నీరు దిగుతుంది. ఆ నీటిని సూపులోకి వాడుకోవచ్చు. ఇప్పుడు గొడుగులను వెల్లకిలా తిప్పి మిశ్రమం కూరి, పైన మిగిలిన బ్రెడ్ పొడి చల్లి, మరో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు కాల్చండి.

ఓవెన్ లేకపోతే ప్రెషర్ కుక్కర్ చాలు. రబ్బరు, విజిల్ తీసేయండి. నీరు పోయకుండా అడుగున ఉప్పు పరచి, స్టాండు పెట్టి, సన్నని సెగ మీద పది నిమిషాలు వేడిచేయండి. బోర్లించి నీరు దించిన తర్వాత, కూరిన గొడుగులను పళ్ళెంలో పేర్చి లోపల ఉంచి, మూత పెట్టి ఇరవై నిమిషాలు ఆగండి.

మిగులును గౌరవించడం

కాడ, పాత బ్రెడ్, దిగిన నీరు: మామూలుగా చెత్తబుట్టకు పోయేవన్నీ ఇక్కడ ఆహారమయ్యాయి. తినండి, తాగండి గాని దుబారా చేయకండి అన్న అల్లాహ్ ఆజ్ఞ (అల్ అఅరాఫ్: 31) విందు రోజున మరీ గుర్తుండాలి. జారిపడిన ముద్దను సైతం మట్టి దులిపి తినమని దైవప్రవక్త (స) బోధించారు.

ఆయన (స) హజ్రత్ అబూజర్ (రజి)కి మరో మాట కూడా చెప్పారు: కూర వండేటప్పుడు నీరు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోవాలని. మీ పొరుగింటివారు మాంసం తినరా? అయితే ఖీమాకు బదులు పనీర్‌తో కొన్నింటిని వేరే గిన్నెలో, వేరే గరిటెతో, వేరే ట్రేలో చేయండి. వారికి పుట్టగొడుగులు తినే అలవాటుందో లేదో ముందే అడగండి. ఏమేమి వేశారో చెప్పి ఇవ్వండి. మన పళ్ళెంలో ఏముందో తెలుసుకొనే హక్కు మనకెంత ఉందో, వారికీ అంతే ఉంది.