లంకె లేని పుట

గౌతమికిని వసిష్ఠకును నడుమ, దక్షిణమున సముద్రము హద్దుగా ఉన్న కోనసీమలో దారి విలువ యెంతటిదో ఒకరు చెప్పవలసిన పని లేదు. లంకలో ఎంత చక్కని ఇల్లు కట్టినను, రేవున పడవ లేనిచో ఆ ఇంటికి చుట్టము రాడు. కోటిపల్లి రేవున నిలిచి, ఆవలి ఒడ్డునున్న ముక్తేశ్వరమును చూచుచు, పంటు కొరకు కనిపెట్టుకొని యుండినవారికి ఇది అనుభవములోని మాట. వెబ్‌సైటులో పుటల సంగతియు ఇంతే. పుటను వ్రాసి పెట్టుట ఒక పని. దానికి దారి వేయుట మరియొక పని. మొదటి పనిని శ్రద్ధతో చేసి రెండవదానిని మరచువారు చాలమంది. మేమును ఒకప్పుడు అట్లే మరచితిమి.

రాజోలు ప్రాంతమున ఒక లంకగ్రామపు యువకులు తమ ఊరికై చిన్న వెబ్‌సైటు నడుపుచుండిరి. వరదనాళ్లలో అక్కరకు వచ్చునట్లు ఒక పుట సిద్ధము చేసి యిమ్మని వారు మమ్ము కోరిరి. పడవలు ఏ రేవున ఉండును, మెరకనున్న బడి యేది, పశువులను ఏ గట్టు మీదికి తోలవలెను, రాత్రివేళ ఎవరికి ఫోను చేయవలెను అను విషయములన్నియు కూర్చి మేము ఆ పుటను వ్రాసి సర్వరులో ఉంచితిమి. 2022 జూలైలో గోదావరి పొంగినది. ధవళేశ్వరము ఆనకట్ట నుండి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చినది. ఆ దినములలో ఊరివారు, పరదేశములందున్న వారి బిడ్డలు ఆ వెబ్‌సైటును తెరచి చూచిరి. కాని మా పుట ఎవరి కంటను పడలేదు. పుట ఉన్నది, మెనూలో దాని పేరు లేదు. దాని చిరునామా మా నోటుపుస్తకములో మాత్రమే ఉన్నది! ఆ తప్పు మాదే. అది మరియొకరికి జరుగకూడదనియే ఈ ప్రసంగము.

మొదట పుట యనగా నేమో చూతము. 1991లో టిమ్ బెర్నర్స్-లీ తొలి వెబ్‌సైటును లోకమునకు తెరచిననాడు పుటలన్నియు చేతితో వ్రాసినవే. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లంకె అని గుర్తులు పెట్టి వ్రాయు ఆ పద్ధతికే హెచ్.టి.ఎం.ఎల్. అని పేరు. అట్టి పుట ఒక దస్త్రముగా సర్వరులో పడియుండును. అడిగినవారికెల్ల సర్వరు దానిని ఉన్నది ఉన్నట్లు పంపును. దీనినే స్థిరపుట యందురు. దీనితో వచ్చిన చిక్కు ఒకటే. సైటులో నలువది పుటలున్నచో, మెనూలో ఒక్క మాట మార్చుటకు నలువది దస్త్రములను తెరచి దిద్దవలెను.

ఈ చిక్కును తీర్చుటకు విషయ నిర్వహణ వ్యవస్థలు, అనగా కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టములు వచ్చినవి. ద్రూపల్ 2001లోను, వర్డ్‌ప్రెస్ 2003లోను, జూమ్లా 2005లోను వెలువడినవి. ఇందు విషయము వేరు, వేషము వేరు. వ్రాత అంతయు డేటాబేసులో ఉండును. పైభాగపు పేరు, మెనూ, రంగులు ‘థీము’ అను చట్రములో ఉండును. పాఠకుడు అడిగినప్పుడు వ్యవస్థ ఈ రెంటిని కలిపి పుటను అప్పటికప్పుడు తయారుచేసి యిచ్చును. ఆత్రేయపురపు పూతరేకులు ముందే చుట్టి పెట్టెలో పెట్టియుండును, అడిగినంతనే చేతికిత్తురు. పెసరట్టు అట్లు కాదు. అడిగిన తరువాత పెనము మీద వేయుదురు. స్థిరపుట పూతరేకు వంటిది. వ్యవస్థ యిచ్చు పుట పెసరట్టు వంటిది. మెనూ ఒక్కచోట మార్చిన చాలును, అన్ని పుటలలోను మారును.

ఏది స్థిరపుటగా ఉండవలెను, ఏది దినదినము వ్రాయవలెను అను ప్రశ్న కలుగవచ్చును. గోదావరి వరదయే దీనికి మంచి ఉదాహరణము. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు వచ్చినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. ఈ కొలతలు పూటపూటకు మారునవి కావు. ఇవి స్థిరపుటకు తగినవి. ఉదయము నీరు ఎంత ఉన్నది, సాయంకాలమునకు ఎంత పెరిగినది అనునది వార్త. అది తేదీతో వ్రాయవలసిన టపా. వర్డ్‌ప్రెస్ మొదట దినచర్య వంటి టపాలకే పుట్టినది. 2005లో వచ్చిన 1.5వ కూర్పుతో ‘పేజీ’ అను స్థిరమైన పుట దానిలో చేరినది. టపా కొత్తది వచ్చిన కొలది క్రిందికి పోవును; పేజీ తన చోటును విడువదు.

ఇక చేర్చు విధానము. ఇది రెండు తెరగులు. మొదటిది, పుటను వ్యవస్థలోపలనే చేయుట. వర్డ్‌ప్రెస్‌లో ‘పేజీలు’ అనుచోట కొత్త పుటను తెరచి, ‘కస్టమ్ హెచ్.టి.ఎం.ఎల్.’ అను బ్లాకును పెట్టి, మీరు వ్రాసిన దానిని అందు అతికింపవలెను. ఇచట ఒక మెలకువ కలదు. హెచ్.టి.ఎం.ఎల్. దస్త్రమునకు శీర్షభాగము, దేహభాగము అని రెండు భాగములు. దేహభాగములోని విషయమును మాత్రమే తీసికొనవలెను. తక్కినదానిని థీము తానే యిచ్చును. ఇంటిలోపల ఇంకొక ఇల్లు కట్టరు గదా! బొమ్మలున్నచో వానిని ముందుగా మీడియా భాండారమునకు ఎక్కించి, ఆ కొత్త చిరునామాలను పుటలో వ్రాయవలెను. లేనిచో బొమ్మ ఉండవలసినచోట ఖాళీ గడి మిగులును.

రెండవది, దస్త్రమును నేరుగా సర్వరులో ఉంచుట. సైటు మూలస్థానమున ఒక ఫోల్డరు చేసి, అందు ‘ఇండెక్స్’ అను పేరుతో పుటను పెట్టుదురు. సాధారణమైన అమరికలో, ఎవరైన ఒక చిరునామా అడిగినప్పుడు, ఆ పేరుగల దస్త్రము గాని ఫోల్డరు గాని ఉన్నదా యని సర్వరు ముందు చూచును. ఉన్నచో దానినే యిచ్చును. లేనిచో వర్డ్‌ప్రెస్‌ను పిలుచును. కావున వ్యవస్థలోని పుటకును మీ ఫోల్డరునకును ఒకే పేరు పెట్టరాదు. పెట్టినచో లోపలి పుట మరుగునపడును. ఈ పద్ధతిలో పుట బహు తేలికగా తెరచుకొనును. డేటాబేసు చెడిన నాడును అది నిలుచును. కాని మూడు లోట్లు కలవు. థీము మెనూ దానిపై ఉండదు, గనుక ముఖపుటకు తిరిగి వచ్చు లంకెను చేతితో వ్రాయవలెను. సైటులోని వెదుకుపెట్టెకు అది దొరకదు. డేటాబేసును మాత్రమే నకలు తీసి దాచుకొనువారికి, సర్వరు మారిననాడు ఆ పుట మాయమగును.

4 ఏప్రిల్ 2022న కోనసీమ జిల్లా అమలాపురము కేంద్రముగా ఏర్పడినది. మన దేశమున అనేక జిల్లాల వెబ్‌సైట్లు ఎన్.ఐ.సి. వారు రూపొందించిన ‘ఎస్‌త్రీవాస్’ అను ఉమ్మడి చట్రముపై నడచుచున్నవి. ఇట్టి ఉమ్మడి చట్రములలో సర్వరు మరియొకచోట ఉండును గనుక మొదటి పద్ధతియే అనువైనది. సొంత సైటు గల సంఘములకు, గ్రంథాలయములకు రెండు పద్ధతులును చెల్లును.

తెలుగు పుట వ్రాయువారు లిపి సంగతిని మరువరాదు. ప్రెస్సులలో ‘అను’ ఫాంట్లతో కూర్చిన పాఠమును అట్లే తెచ్చి అతికించినచో, తెరమీద తెలుగునకు బదులు అర్థము లేని ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కనబడును. దానిని ముందుగా యూనికోడునకు మార్చవలెను. విడి దస్త్రమైనచో, శీర్షభాగమున అక్షరవిధానము ‘యు.టి.ఎఫ్-8’ అని వ్రాయవలెను. దాని ప్రక్కనే, ఫోను తెర వెడల్పునకు పుట ఒదుగుటకు ‘వ్యూపోర్ట్’ అను పంక్తిని చేర్చవలెను. పుట చిరునామాను మాత్రము చిన్నబడి ఇంగ్లీషు అక్షరములతో, ఖాళీలు లేకుండ, పొట్టిగా పెట్టుట మేలు. తెలుగులో పెట్టినచో, నకలు తీసినప్పుడు ఒక్కొక్క తెలుగు సంకేతము తొమ్మిది గుర్తులుగా విడిపోవచ్చును. అట్టి చిరునామాను ఫోనులో ఒకరు చెప్పలేరు, మరియొకరు వ్రాసికొనలేరు.

ఇప్పుడు దారి వేయుట. ఇష్టము వచ్చినట్లు మెనూలు కూర్చుకొను వీలు వర్డ్‌ప్రెస్‌లో 2010లో వచ్చిన 3.0వ కూర్పుతో కలిగినది. ‘అప్పియరెన్స్’ అను శీర్షిక క్రింద ‘మెనూస్’ తెరచినచో, వ్యవస్థలోని పుటలు ఒక జాబితాగా కనబడును. కావలసినదానిపై గుర్తు పెట్టి చేర్చవచ్చును. విడి దస్త్రము ఆ జాబితాలో ఉండదు. దానికి ‘కస్టమ్ లింక్స్’ అను పెట్టె కలదు. అందు చిరునామాను, పాఠకులకు కనబడవలసిన పేరును వ్రాసి, మెనూలో చేర్చి, భద్రపరచు మీటను నొక్కవలెను. ఈ చివరి నొక్కును మరచి లేచిపోవువారు కలరు. కొత్త తరహా బ్లాకు థీములలో ఈ పనిని ఎడిటరులోని ‘నావిగేషన్’ అనుచోట చేయుదురు. ద్రూపల్‌లో పుట దిద్దు పత్రములోనే మెనూ లంకెకు గడి ఉన్నది. జూమ్లాలో మెనూకు కొత్త అంశమును చేర్చి, అది లోపలి వ్యాసమునకా, వెలుపలి చిరునామాకా అని తెలుపవలెను.

లంకెకు పెట్టు పేరు సూటిగా ఉండవలెను. ‘ఇతర సమాచారము’ అన్నచో ఎవరికి ఏమి తెలియును? ‘వరద వచ్చినప్పుడు’ అన్నచో ముసలివారికి సైతము తెలియును. పంటకాలువ నుండి బోదెలోనికి, బోదె నుండి చేనిలోనికి నీరు పారినట్లు, మెనూలో ఒక మెట్టు, రెండు మెట్లు దిగవచ్చును. అంతకు మించినచో దారి తప్పుదురు. ప్రాణావసరమైన పుటను ఉపమెనూలో దాచక పైవరుసలోనే పెట్టవలెను.

అంతయు ముగిసిన పిదప, నిర్వాహకునిగా ప్రవేశించియున్న మీ కంప్యూటరులో చూచి తృప్తిపడకుడు. క్యాషును తుడిచి, ఇంటిలో ఇంకొకరి ఫోనును తీసికొని, చిరునామా టైపు చేయకుండ, ముఖపుట నుండి వ్రేలితో నొక్కుచు ఆ పుటను చేరి చూడుడు. మేము ఆ యువకుల సైటులో లంకె వేసిన తరువాత ఈ పరీక్షను ఒక ఇల్లాలిచేత చేయించితిమి. ఆమె రెండు నొక్కులలో పుటను చేరినది. మాకు అంతకన్న వేరు నిదర్శనము అక్కరలేకపోయినది.

వరదనాటి రాత్రి రేడియోలో ‘ధవళేశ్వరము వద్ద రెండవ ప్రమాద హెచ్చరిక’ అను మాట వినబడును. విన్న కుటుంబము మరుక్షణము తెలిసికొనగోరునది, తమ ఊరిలో తాము ఏమి చేయవలెనని. ఆ సమాధానము ఎక్కడనో ఒక పుటలో భద్రముగా నుండుట చాలదు; చేతికందునంత దగ్గరలో ఉండవలెను. లంకకు పడవ యెట్లో, పుటకు లంకె అట్లు. మీ ఊరి సైటులో అట్టి పుట యేదైన ఉన్నచో, వానలు రాకముందే దానికి దారి ఉన్నదో లేదో ఒక్కసారి చూచుకొనుడు.