పొద చల్లన, నేల సెగ

అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రపు టూంబ్‌స్టోన్ దగ్గర వాల్నట్ గల్చ్ అనే పరీవాహక ప్రాంతం ఉంది. విస్తీర్ణం సుమారు 150 చదరపు కిలోమీటర్లు. 1953 నుంచి అక్కడ వ్యవసాయ పరిశోధకులు వాననూ వరదనూ కొలుస్తున్నారు. ఎటు చూసినా పలచటి పొదలు, మధ్యలో గులకరాళ్ల బీడు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ నేల 50 డిగ్రీలు దాటేస్తుంది. పక్కనే ఉన్న ఆకు మాత్రం ఇంచుమించు గాలి ఉన్నంత వేడిగానే ఉంటుంది. పైనుంచి చూసే పరారుణ యంత్రం ఈ రెండింటినీ కలిపేసి ఒకే అంకె చెబుతుంది.

ఆ అంకెతో నీటి లెక్క కట్టాలి. నేల అందుకున్న ఎండలో కొంత లోపలికి దిగుతుంది, కొంత సెగగా గాలిలోకి పోతుంది, మిగిలింది నీటిని ఆవిరి చేస్తుంది. మొదటి రెండూ తెలిస్తే మూడోది తీసివేతలో తేలుతుంది. కాబట్టి సెగ లెక్క తప్పితే నీటి లెక్కా తప్పినట్టే. పాత సూత్రం ప్రకారం నేలకూ గాలికీ ఉన్న ఉష్ణోగ్రత తేడాను వేడి పైకెక్కడానికి ఎదురయ్యే నిరోధంతో భాగిస్తే సెగ వస్తుంది. చిక్కటి పైరు మీద బాగానే కుదిరిన సూత్రం బీడు మీద సెగను మరీ ఎక్కువ చూపింది. నేల కాలుతున్న మాట నిజమే కానీ, పొదల అడుగున గాలి అంతగా ఆడదు. కాబట్టి అక్కడి వేడి తేలిగ్గా పైకి రాదు.

1989లో పరిశోధకుడు విలియం కుస్టాస్ బృందం కాలిఫోర్నియాలోని ఓవెన్స్ లోయ కొలతలకు మరికొంత నిరోధం కలిపి చూసింది. లెక్క కుదిరింది కానీ ఆ అదనపు నిరోధం గాలివేగంతో, ఉష్ణోగ్రత తేడాతో మారిపోతూ వచ్చింది. నన్నడిగితే అది మరమ్మతు కాదు, అతుకు.

1990 వేసవిలో వాల్నట్ గల్చ్ మీద విమానాలు, ఉపగ్రహాలు, నేల మీది పరికరాలు ఒకేసారి కొలతలు తీశాయి. ఆ ప్రయోగం పేరు మాన్సూన్ 90. 1995లో జాన్ నార్మన్, కుస్టాస్, కారెన్ హ్యూమ్స్ ఆకుకూ నేలకూ చెరో ఖాతా తెరిచారు. కానీ ఉన్న అంకె ఒక్కటే, తెలియాల్సిన ఉష్ణోగ్రతలు రెండు. అందుకని ముందు ఒక ఊహతో మొదలుపెట్టారు: పచ్చటి ఆకుకు నీటి కొరత లేదనుకుందాం. అప్పుడది ఎంత ఆవిరి వదలాలో ప్రీస్ట్లీ, టేలర్ 1972లో ఇచ్చిన సూత్రం చెబుతుంది. దాన్నిబట్టి ఆకు వేడి తెలుస్తుంది. యంత్రం చెప్పిన మొత్తంలోంచి ఆకు వాటా తీసేస్తే నేల వేడి, అందులోంచి నేల సెగ, చివరికి నేల ఆవిరి వస్తాయి.

అసలు తెలివి ఇక్కడుంది. ఒక్కోసారి నేల ఆవిరి సున్నాకంటే కిందికి పడిపోతుంది. అంటే పట్టపగలు ఎండు బీడు మీద మంచు పడుతోందని లెక్క చెబుతున్నట్టు! అది జరిగే పని కాదు. అంటే మొక్కకు నీళ్లు చాలడం లేదు. అప్పుడు ఆకు ఆవిరిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతారు. ఆకు వేడెక్కుతుంది, దానికి తగ్గట్టు నేల వాటా వేడి దిగుతుంది. నేల ఆవిరి సున్నాకు చేరగానే ఆగుతారు. కరువు ఉందని ఎవరూ ముందుగా చెప్పకుండానే లెక్క దాన్ని పసిగడుతుంది.

2018లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరిన ఎకోస్ట్రెస్ పరికరం ఈ లెక్కకు కావాల్సిన ఉష్ణోగ్రతను సుమారు 70 మీటర్ల గడుల్లో చూస్తుంది. రోజూ ఒకే వేళకు కాక వేర్వేరు వేళల్లో వస్తుంది కాబట్టి, మొక్కలు మధ్యాహ్నం పత్రరంధ్రాలు మూసుకుని నీటిని దాచుకోవడం కూడా దానికి దొరుకుతుంది. ఇస్రో, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి రూపొందిస్తున్న త్రిష్ణ ఉపగ్రహం పనీ నేల ఉష్ణోగ్రత కొలవడమే. అది అనంతపురం వేరుశనగ చేల మీదుగా పోయినా, ఒక్కో గడిలో మొక్కల వరుసలూ వాటి మధ్య ఎర్రనేలా కలిసే పడతాయి. ఆ రెండింటినీ విడదీసే పని కెమెరాది కాదు, ఈ లెక్కదే.